వ్యాపార సందేహాలు: కొత్త కస్టమర్‌కు నిజంగా ఎంత ఖర్చవుతోంది?

ప్రశ్న: మంగళగిరి చేనేత చీరలను నేతగాళ్ల దగ్గర కొని ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ద్వారా అమ్ముతున్నాను. సగటున చీర 2,400 రూపాయలకు పోతుంది. ప్రకటనలు, వీడియోలు, జీతం కాక మిగతా ఖర్చులన్నీ పోను 600 మిగులుతుంది. ఆరు నెలలుగా ప్రకటనలకు నెలకు 60,000 పెడితే 120 ఆర్డర్లు వస్తున్నాయి. వాటిలో 24 క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్లు తిరిగి వస్తున్నాయి. మరో 20 పాతవారివే. వీడియోలు తీసేవారికి 12,000, వాట్సాప్‌లో జవాబులిచ్చే అమ్మాయికి 15,000 ఇస్తున్నాను. ఒక్కో కస్టమర్‌కు 500 ఖర్చు, మిగులు 600 అనుకుంటే లాభం రావాలి కదా. కానీ నెలనెలా ముప్పై వేలకు పైగా చేతి నుంచి పెట్టుకుంటున్నాను. ప్రకటనలు ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పూర్తిగా ఆపవద్దు, కానీ ఇదే తీరున ఇంకో నెల కూడా కొనసాగించవద్దు. మీరు 60,000ను 120తో భాగించారు. భాగించవలసిన మొత్తమూ అది కాదు, భాజకమూ అది కాదు. తిరిగి వచ్చిన 24, పాతవారి 20 తీసేస్తే మీకు కొత్తగా దొరికినవారు 76 మంది. వారిని రప్పించడానికి ప్రకటనలతో పాటు వీడియోలు, జీతం, తిరిగివచ్చిన పార్సిళ్ల రానుపోను కొరియర్ కూడా ఖర్చయ్యాయి. పార్సిల్‌కు 175 వేసుకుంటే అది 4,200. మొత్తం 91,200 అవుతుంది, అంటే ఒక్కొక్కరికి 1,200. అమ్ముడైన 96 చీరల మీద మిగులు 57,600 మాత్రమే కనుక నెలకు 33,600 లోటు ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తుంది. ఆ అమ్మాయి పాతవారికీ జవాబులిస్తుంది కాబట్టి ఈ లెక్కలోంచి ఆమె జీతంలో కొంత భాగం తీసేసినా ఫలితం పెద్దగా మారదు.

ఇక ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు? అది మొదటి చీర మీద మిగిలేదాన్ని బట్టి కాక, ఆ మనిషి ఏడాదిలో మీ దగ్గర ఎన్నిసార్లు కొంటారన్నదాన్ని బట్టి తేలుతుంది. మీ పాత పద్దు తీసి చూడండి. నూరు మందిలో నలభై మంది ఏడాదిలోగా మరొక చీర కొన్నారనుకుందాం. 140 చీరల మీద 84,000 మిగులుతుంది, అంటే మనిషికి 840. కొత్త కస్టమర్ ఖర్చు దాటకూడని గీత అదే. మీ శ్రమ ఫలితమూ, అమ్ముడుపోని చీరల భారమూ అందులో నుంచే రావాలి కాబట్టి, 500 దాటకుండా చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తగ్గించడం తిరిగివచ్చే పార్సిళ్లతో మొదలుపెట్టండి. క్యాష్ ఆన్ డెలివరీ అడిగినవారి నుంచి యూపీఐలో 200 రూపాయలు ముందుగా తీసుకోండి. కొందరు అక్కడే విరమించుకుంటారు. వారిలో ఎక్కువమంది గుమ్మం దగ్గర పార్సిల్ వద్దనేవారే కాబట్టి దిగులుపడనక్కర్లేదు. పాత కస్టమర్ల జాబితాను ప్రకటన చూసేవారిలోంచి తప్పించే వీలు ఉంది, దాన్ని తప్పక వాడండి. వారికి శ్రావణ మాసానికి ముందు వాట్సాప్‌లో కొత్త రంగులు చూపితే సరిపోతుంది.

ఒక నెల 30,000తో నడిపి చూడండి. అప్పుడు కూడా 50 మంది కొత్తవారు వస్తే, ఇన్నాళ్లూ మిగిలిన 30,000 తెచ్చింది 26 మందినే అని అర్థం. వారికి ఒక్కొక్కరికి ప్రకటన ఖర్చే దాదాపు 1,150. సగటు లెక్క ఈ సంగతిని కప్పేస్తుంది, అందుకే దాన్ని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ప్రకటన స్థలం వేలంలో అమ్ముడవుతుంది కనుక, పెద్ద కంపెనీలన్నీ పాడుకునే దసరా, దీపావళి రోజుల్లో అదే ప్రకటనకు ఎక్కువ చెల్లించవలసి వస్తుంది. మీ ఖర్చు అంతకు ముందే పెట్టండి.

వీడియోల విషయంలో ఒక మాట. మరమగ్గం చీరను చేనేత అని అంటగడతారేమోనన్న భయం కొనేవారికి ఉంటుంది. గుంట మగ్గం మీద నిజాం అంచు నేస్తుండగా దగ్గరనుంచి తీసిన అర నిమిషం దృశ్యం, మోడల్ కట్టుకున్న ఫొటో కన్నా ఆ అనుమానాన్ని బాగా తీరుస్తుంది; ఫోన్‌తో మీరే తీయవచ్చు.

ప్రకటనల బిల్లుపై 18 శాతం జీఎస్టీ పడుతుంది, 60,000కు 10,800. మీకు సాధారణ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, ప్రకటనల ఖాతాలో జీఎస్టీ నంబరు నమోదు చేసి ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకునేందుకు, వాడుకోవచ్చు. లేకపోతే దాన్నీ ఖర్చులో కలపండి. అప్పుడు ఒక్కో కస్టమర్‌కు 1,342 అవుతుంది.

ప్రశ్న: కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. డెలివరీ యాప్‌లు తీసుకునే కమీషన్ కొత్త కస్టమర్ ఖర్చు కిందకు వస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొదటి ఆర్డరు మీద ఇచ్చిన కమీషన్, మీరు భరించిన డిస్కౌంటు ఆ ఖర్చే. అదే మనిషి పదోసారి తెప్పించుకున్నా కమీషన్ కట్టవలసిందే కనుక, తర్వాతివి అమ్మకపు ఖర్చులో రాసుకోవాలి. రెండూ ఒకే పద్దులో కలిపితే కొత్తవారు వస్తున్నారో లేదో తెలియదు. నాలుగు వీధుల లోపల ఉండి రోజూ కూర కొనేవారు మీకు అసలైన ఆధారం. వారి కోసం దుకాణం ముందు ఆనాటి కూరల పట్టిక ఉదయం పదకొండు గంటలకల్లా రాసిపెట్టి, అదే వాట్సాప్‌లో, అడిగినవారికి మాత్రమే, పంపండి.