ఐఆర్‌ఎస్ నోటీసు: ముందు కట్టాలా, ముందు కోర్టుకు వెళ్లాలా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. 2023లో గుంటూరు దగ్గర స్థలం అమ్మాను. కొన్నవారు నా పాన్ మీద 9 లక్షల రూపాయలు టీడీఎస్ కట్టారు. ఆ మొత్తాన్ని ఇక్కడి రిటర్నులో ఫారిన్ టాక్స్ క్రెడిట్‌గా (వేరే దేశంలో కట్టిన పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకునే వెసులుబాటు) చూపించాను. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇప్పుడు ఆ క్రెడిట్ కొట్టేసి, 9,800 డాలర్లు బాకీ ఉన్నారంటూ 90 రోజుల నోటీసు పంపింది. నోటీసు తేదీ నుంచి ఇప్పటికి 40 రోజులు గడిచాయి. ‘ముందు కట్టేసి, తర్వాత వాషింగ్టన్‌లో ప్రభుత్వం మీద దావా వెయ్యి’ అంటున్నాడు స్నేహితుడు. మా చేతిలో ఉన్నది 14,000 డాలర్లే. ఏం చేయమంటారు? మా మేనకోడలికి ఓపీటీలో (విద్యార్థి వీసా మీద చదువుకు సంబంధించిన పని చేసుకునే అనుమతి) ఉండగా జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ పన్ను కోశారట. అదీ ఇందులోనే కలిపి అడగవచ్చా?

జవాబు: మీ స్నేహితుడు చెప్పిన దారి ఉన్నమాట నిజమే. కానీ అది చేతినిండా డబ్బున్నవారి దారి. ఉన్న 14,000లో 9,800 తీసి కట్టేసి, ఏళ్ల తరబడి ఎదురుచూడమని నేను చెప్పలేను.

పన్ను విషయంలో అమెరికా ప్రభుత్వం మీదికి వెళ్లడానికి మూడు కోర్టులున్నాయి. డబ్బు కట్టకుండానే వాదించుకోనిచ్చేది వాటిలో టాక్స్ కోర్టు ఒక్కటే. మిగతా రెండూ ఫెడరల్ జిల్లా కోర్టు, కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్. అక్కడ అడిగేది రిఫండు కాబట్టి ముందు బాకీ మొత్తం కట్టాలి. 1960లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన నియమం ఇది. కట్టాక 1040-ఎక్స్ (సవరించిన రిటర్ను ఫారం) వేసి రిఫండు అడగాలి. వాళ్లు కాదన్నాకో, జవాబు లేకుండా ఆరు నెలలు గడిచాకో దావా వేయాలి. తిరస్కరణ ఉత్తరం వచ్చాక రెండేళ్లు దాటితే ఆ హక్కూ పోతుంది. ఫ్రిస్కో వారికి టెక్సాస్ తూర్పు జిల్లా కోర్టు వర్తిస్తుంది. జ్యూరీ కావాలంటే దొరికేది జిల్లా కోర్టులోనే. మీ స్నేహితుడు చెప్పిన వాషింగ్టన్ కోర్టు, కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్. 1855లో అది పెట్టేదాకా, ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బు కోసం జనం అమెరికా చట్టసభ కాంగ్రెసుకే అర్జీలు పెట్టుకునేవారు. కాంట్రాక్టు బిల్లులు, భూసేకరణ పరిహారాల వంటి పెద్ద తగాదాలకు అది సరైన చోటు. ఈ రెండింటిలో దేనికి వెళ్లినా దాఖలు రుసుమే 405 డాలర్లు. లాయరు ఫీజు కలిపితే మీ 9,800లో ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

టాక్స్ కోర్టు రుసుము 60 డాలర్లు. ఏడాదికి 50,000 డాలర్ల లోపు తగాదా అయితే చిన్న కేసుగా విచారించమని పిటిషనులోనే అడగవచ్చు. విచారణ ఊరుగా డల్లాస్ రాయండి, జడ్జిలే అక్కడికి వస్తారు. లాయరు లేకుండానే నడుపుకోవచ్చు. అయితే చిన్న కేసులో తీర్పు మీద అప్పీలు ఉండదు. పైగా ఒకసారి టాక్స్ కోర్టుకు వెళితే, ఆ ఏడాది పన్ను గురించి మిగతా రెండు తలుపులూ మూసుకుంటాయి. మీ కేసుకు అది పెద్ద నష్టమని నేను అనుకోను.

అసలు భయం గడువుతోనే. టాక్స్ కోర్టులో పిటిషను వేయడానికి ఉన్నది ఆ 90 రోజులే. నోటీసులో పిటిషనుకు చివరి తేదీ అచ్చువేసి ఉంటుంది, ఎర్ర సిరాతో చుట్టండి. ఐఆర్‌ఎస్‌కు ఫోను చేసినా, కాగితాలు పంపినా ఆ గడువు పెరగదు. 2022లో అలబామా నుంచి ఒక జంట ఆఖరి రోజు రాత్రి 11:05కి ఆన్‌లైన్‌లో పిటిషను వేసింది. టాక్స్ కోర్టు ఉన్న వాషింగ్టన్‌లో అప్పటికి 12:05 అయి, తేదీ మారిపోయింది. కేసు కొట్టేశారు. మీకూ వాషింగ్టన్‌కూ గంట తేడా ఉంది, చివరి వారం దాకా ఆగకండి.

ఇప్పుడు మీకు నచ్చని మాట. ఎన్నారై స్థలం అమ్మితే టీడీఎస్ సాధారణంగా లాభం మీద కాకుండా మొత్తం అమ్మకం ధర మీద కోస్తారు. భారత్‌లో రిటర్ను వేస్తే అందులో కొంత వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చేదానికి అమెరికా క్రెడిట్ ఇవ్వదు. మీరు అక్కడ రిటర్ను వేశారా? వేసి ఉంటే, భారత ఆదాయపు పన్ను శాఖ నుంచి 143(1) సెక్షను కింద వచ్చిన ఇంటిమేషనులో చివరికి తేలిన పన్ను ఎంతో చూడండి. మీ క్రెడిట్ దాన్ని మించదు. ఉదాహరణకు 9 లక్షల్లో 4 లక్షలు రిఫండు వచ్చి ఉంటే, మీరు నిలబడి వాదించవలసింది మిగిలిన 5 లక్షల గురించే. పిటిషను పడ్డాక కేసు మామూలుగా ఐఆర్‌ఎస్ అప్పీల్స్ అధికారి దగ్గరికి వెళుతుంది. ఇంటిమేషను, 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన టీడీఎస్ పట్టిక) చేతిలో ఉంటే జడ్జి ముఖం చూడకుండానే అక్కడ తేలిపోయే అవకాశం ఉంది.

ఈలోగా వడ్డీ రోజువారీ చక్రవడ్డీగా పెరుగుతుంది. ఓడిపోతామనిపించిన భాగం వరకు ఐఆర్‌ఎస్‌కు ‘డిపాజిట్’ అని స్పష్టంగా రాసిన ఉత్తరంతో చెల్లించండి. అంతమేరకు వడ్డీ ఆగుతుంది, డబ్బు అవసరమైతే వెనక్కి అడగవచ్చు. మూడు నాలుగు వేలకు మించి అటు పంపకండి.

మేనకోడలి సంగతి వేరు, మీ పిటిషనులో కలపడం కుదరదు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవారికి సాధారణంగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు ఈ పన్ను ఉండదు. కోసిన పన్ను కంపెనీ వెనక్కి ఇవ్వనంటే 843, 8316 ఫారాలతో ఐఆర్‌ఎస్‌ను అడగాలి. వాళ్లూ కాదంటే ఆమెకు టాక్స్ కోర్టు లేదు, మీ స్నేహితుడు చెప్పిన దారే. ముందు పేరోల్ వాళ్లకు ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తీసుకోమనండి. 8316లో అడిగేది దాని గురించే.