మురుగునీటి ప్లాంటు చేతికొచ్చిన మేనకోడలికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

మీ మున్సిపాలిటీలో మురుగునీటి శుద్ధి ప్లాంటు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. మన రాయలసీమ ఊళ్లకు ఇంతకంటే అవసరమైన పని లేదని నా నమ్మకం.

డీపీఆర్‌లోని, అంటే వివరమైన ప్రాజెక్టు నివేదికలోని, లెక్క మీద ఆధారపడకు. మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు, కాబట్టి లక్ష జనాభాకు కోటి లీటర్ల పైచిలుకు అని కాగితం చెబుతుంది. రెండు రోజులకోసారి కొళాయి వచ్చే ఊళ్లో అన్ని నీళ్లెక్కడివి? వచ్చేది తక్కువ, అదీ చిక్కగా. మే నెలలో ప్లాంటులోకి మురుగు వచ్చే ఇన్‌లెట్ దగ్గర రాత్రీపగలూ గంటగంటకూ కొలిపించు. ఆ అంకె చేతికొచ్చాకే ఎవరికైనా మాటివ్వు.

శుద్ధి చేసిన నీళ్లు తీసుకునేవాళ్లను మాత్రం ఇప్పుడే వెతుక్కో. సూరత్‌లో 2014 నుంచి పాండేసరా పారిశ్రామికవాడ మిల్లులకు అమ్ముతున్నారు. చెన్నైలో 2019లో కోయంబేడు, కొడుంగయ్యూరుల్లో ఆర్‌ఓ ప్లాంట్లు పెట్టి ఫ్యాక్టరీలకు పంపడం మొదలుపెట్టారు. డబ్బు కట్టేవాడు నాణ్యత అడుగుతాడు, అడిగేవాడుంటే ప్లాంటు సరిగ్గా నడుస్తుంది. మీ దగ్గర పరిశ్రమలు లేకపోతే చెరువులూ రైతులూ ఉన్నారు.

వీలైతే కోలారు వెళ్లి రా. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే, రైతులతో నేరుగా మాట్లాడొచ్చు. 2018లో బెంగళూరు నుంచి శుద్ధి చేసిన నీళ్లు లక్ష్మీసాగర చెరువుకు చేరిన కొన్ని వారాలకే నురగ లేచింది, హైకోర్టు ఆపమంది. తర్వాత మళ్లీ నీళ్లొచ్చాయి, చుట్టుపక్కల బోర్లలో మట్టం పెరిగింది. అయినా ఒకసారి పుట్టిన అనుమానం అంత తేలిగ్గా పోదు. అందుకే పరీక్షల ఫలితాలు ప్రతి వారం చెరువు గట్టు మీద బోర్డులో తెలుగులో రాయించు, బాగాలేని వారం కూడా.

కరెంటు ఆదా అని రాత్రిళ్లు ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్లు ఆపేసే అలవాటు చాలాచోట్ల ఉంది. పొద్దున్నే ఆరింటికి చెప్పకుండా వెళ్లి, ఆ గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు జాడీలో పట్టించి అరగంట ఆగు. గోధుమరంగు మడ్డి కిందికి దిగి, పైన నీరు తేటగా నిలిస్తే సరే. నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వేస్తే, లాగ్‌బుక్‌లో ఏం రాసున్నా రాత్రి గాలి అందలేదన్నమాటే.

రైతులతో ఎరువుల సంగతి విడమరిచి మాట్లాడు. లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని మిగిలినా, పది లక్షల లీటర్లతో 10 కిలోలు పొలంలోకి వెళ్తుంది. యూరియా తగ్గించకపోతే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది. పశుగ్రాసానికి, మల్బరీకి ఈ నీళ్లు బాగా పనికొస్తాయి. పచ్చిగా తినే కొత్తిమీర, క్యారెట్‌కు వద్దని గట్టిగా చెప్పు.

శుద్ధిలో మిగిలే మడ్డిని ఊరికే ఎండబెట్టి రైతులకు ఇచ్చేస్తే నులిపురుగుల గుడ్లు బతికే ఉంటాయి. తడిచెత్తతో కలిపి కంపోస్టు వేయించి, కుప్ప లోపల వేడి కొన్ని రోజులపాటు 55 డిగ్రీలు దాటేలా చూడు. లోహాలకు పూత వేసే షాపుల, బ్యాటరీ షెడ్ల నీళ్లు లైన్లో కలుస్తుంటే ఆ మడ్డిని పొలాలకు పంపనే వద్దు. ముందు ఆ కనెక్షన్లు పట్టుకో.

ప్లాంటు లేఅవుట్, పోయిన నెల కరెంటు బిల్లు నాకు పంపు. చూసి మళ్లీ రాస్తాను.

మీ మామయ్య