సమాధానం: రెండణాల ‘మామత్’ స్టాంపు కేటలాగ్‌లో కనిపించడం లేదు

మీ రెండణాల స్టాంపు మీద ఉన్నది మామత్ (పాతకాలపు బొచ్చు ఏనుగు) కాదు, అందుకే కేటలాగ్‌లో ఆ పేరుతో దొరకలేదు. మీరు చెప్పిన పొడవాటి దంతాల జంతువు స్టెగొడాన్ గణేశ. ఏనుగుకు దూరపు చుట్టం, ఎప్పుడో అంతరించిపోయింది. శిలాజాలు శివాలిక్ కొండల్లో దొరికాయి.

1. ధర అణాల్లో ఉంది కాబట్టి 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుదే.

2. చాలామంది వదిలేసేది ఇదే: జంతువు పేరుతో వెతకొద్దు. మామూలు కేటలాగ్‌లు దేశం, సంవత్సరం వరసలో ఉంటాయి, పక్కన సందర్భం రాస్తారు. బొమ్మ చూసి వన్యప్రాణుల్లో వెతికితే పొద్దుపోవడమే. ముందు స్టాంపు మీది చిన్న అక్షరాలు భూతద్దంతో చదవండి.

3. ఇండియా, 1951 తెరవండి: జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శతాబ్ది, 2 అణాలు.

ఇది డైనోసార్ కాదు, కాబట్టి ఆల్బమ్‌లో డైనోసార్ల పేజీలో పెట్టకండి. చైనా 1958 శిలాజాల సెట్‌లోని పెద్ద కొమ్ముల దుప్పి స్టాంపు (అదీ అంతరించిన జంతువే) ఉంటే దాని పక్కన పెట్టండి.