చాంగీ కొలతలతో వండుకోబోయే మనవరాలికి

చిన్నీ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఫిబ్రవరి 15 మొదలుకొని నలభై రెండు రోజులు, సింగపూర్‌లో జపాన్ వాళ్లు యుద్ధ ఖైదీలను ఉంచిన చాంగీ శిబిరంలోని ఆసుపత్రి రేషను మీదే ఉంటావట, ఏ రోజు సంగతి ఆ రోజు రాస్తావట. 1942లో సింగపూర్ జపాన్‌కి లొంగిపోయిన తేదీ చూసి మరీ ముహూర్తం పెట్టుకున్నావంటే, నా మనవరాలివేనని మురిసిపోయాను. మురిపెం అయిపోయాక ఒళ్లు మండింది. ఆ నలభై రెండు లెక్క ఎవరు చెప్పారు నీకు? బెరిబెరి అంటే థయమిన్ అనే బి1 విటమిన్ చాలక వచ్చే జబ్బు. చాంగీలో తెల్లబియ్యం మీద పడ్డాక అది బయటపడడానికి పట్టింది సుమారు ఆరు వారాలు. నువ్వు సరిగ్గా ఆ గడప దాకా నడిచి వెళ్లి తలుపు కొడతానంటున్నావు.

నువ్వు చిక్కిపోతావని మీ అమ్మ దిగులు. నా భయం ఆకలి గురించి కాదు, అన్నం గురించి. కాబట్టి ముందు పద్నాలుగు రోజులకు కుదించు. నీ డాక్టరుకు చెప్పి మొదలుపెట్టు. రోజూ థయమిన్ మాత్ర వేసుకో, వేసుకుంటున్నానని దాచకుండా రాయి. చదివేవాళ్లు నవ్వితే నవ్వనీ.

చిన్న పనులు చకచకా చెబుతాను. గ్రాము తేడా చూపే కాటా కొనుక్కో. అన్నీ వండకముందు తూచు. ఉప్పు చేతితో వెయ్యకు, అదీ తూకమే. పొద్దున లేవగానే నీ బరువు రాసుకో.

ఇప్పుడు కొలతలు. తొలి నెలల్లో జపాన్ వాళ్లు తలకి రోజుకి ఇస్తామన్నది సుమారుగా ఇది: బియ్యం 500 గ్రాములు, గోధుమపిండి 50, మాంసం 50, కూరగాయలు 100, చక్కెర 20, పాలు 15, ఉప్పు, టీ, నూనె ఐదేసి గ్రాములు. ఇది కాగితం. దీన్నే పళ్లెంలో పెట్టుకుని "రోగి తిన్నది ఇదే" అని రాస్తే మొదటి రోజే తప్పులో కాలేసినట్టు. మాంసం యాభై గ్రాములంటే ఎముకతో కలిపి. కూరగాయలు వంద గ్రాములంటే కుళ్లింది, తొక్క, కాడ అన్నీ లెక్కలోకే. బియ్యంలో పురుగూ మట్టీ. గోదాములో తూచిన బియ్యానికీ రోగి కంచంలోని అన్నానికీ మధ్య ఎన్ని చేతులు, ఎన్ని చిల్లు గోనెలు! అందుకని మాంసంలో మూడో వంతు, కూరలో నాలుగో వంతు తీసేసి వండుకో. ఇది నా అంచనా, నా అంచనా అనే రాయి.

ఏ నెల రోగివో కూడా ముందే తేల్చుకో. 1942 మార్చిలో చాంగీలోని రాబర్ట్స్ బ్యారక్స్ ఆసుపత్రిలో పడుకున్నవాడూ, 1945లో క్రాంజీలో పడుకున్నవాడూ ఒకే తిండి తినలేదు. ఆసుపత్రి 1943లో సెలరాంగ్‌కి, 1944 మేలో క్రాంజీకి మారింది. 1945 వచ్చేసరికి బియ్యం మొదటి కొలతలో సగానికి పడిపోయింది. పైగా బరువు పని చేసేవాడికో కొలత, తేలిక పనివాడికో కొలత, పని లేనివాడికి అన్నిటికన్నా తక్కువ. మంచం మీద ఉన్నవాడు పని లేనివాడి కిందే లెక్క. ఎవరికి తిండి ఎక్కువ కావాలో వాడికే తక్కువ. శిబిరమే తన వాటా తగ్గించుకుని, పనికి వెళ్లేవాళ్ల జీతం డబ్బుల్లో కొంత పక్కన పెట్టి, ఆసుపత్రికి గుడ్లూ పెసలూ కొనిపెట్టేది. అందుచేత నీ కంచంలో ఒక గుడ్డు కనిపిస్తే అది రేషను కాదు, ఇంకొకడి కూలి. ఆ రెంటికీ నీ పుస్తకంలో వేరువేరు గడులు ఉండాలి.

ఇక అసలు సంగతి. నువ్వు బియ్యం ఎలా కడుగుతావో నాకు తెలుసు. మీ అమ్మ కడిగినట్టే. మొదటి నీళ్లు తెల్లగా వస్తాయి, పారబోస్తావు. రెండో నీళ్లూ పారబోస్తావు. మూడోసారి తేటగా వస్తే తృప్తి. ఈ పాత తప్పు మన ఇళ్లలో శుభ్రత పేరుతో ఎన్ని తరాలు నడిచిందో! ఆ తెల్లనీళ్లు కుడితి కుండలోకి పోయేవి. ఎసట్లో ఎక్కువ నీళ్లు పోసి, ఉడికాక వార్చిన గంజి కూడా అందులోకే. గేదె నిగనిగలాడేది. ఇంటి కోడలికి కాళ్లు నీరు పట్టేవి, మెట్టు ఎక్కితే గుండె దడ, బాలింత అయితే పొత్తిళ్లలో బిడ్డ ఉన్నట్టుండి నీలంబారిపోయేది. విశాఖపట్నం నుంచి నెల్లూరు దాకా మన సర్కారు జిల్లాలు బెరిబెరికి పెట్టింది పేరు. కింద తమిళ జిల్లాల్లో అంత బీదవాళ్లే, అంత అన్నమే తిన్నా ఈ జబ్బు తక్కువ. వాళ్లు తిన్నది ఉప్పుడు బియ్యం, మనం తిన్నది మరలో తెల్లగా పట్టించిన పచ్చి బియ్యం. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మర ఆడించినా, కడిగినా అంతగా పోదు. పచ్చి బియ్యంలో మిగిలిన కాస్తా పైపైనే ఉంటుంది, నీళ్లు తగలగానే జారిపోతుంది. 1918లో మెకారిసన్ అనే డాక్టరు నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి విచారణ అని ఒక గదిలో మొదలుపెట్టిన పనే పెరిగి, 1958లో హైదరాబాదుకు వచ్చి, తార్నాకలో నువ్వు చూసిన జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంత దగ్గరి జబ్బు తల్లీ ఇది మనకు.

లెక్క వేసి చూపిస్తాను, పక్కన రాసుకో. తెల్లగా పట్టిన పచ్చి బియ్యం వంద గ్రాముల్లో థయమిన్ సుమారు 0.06 మిల్లీగ్రాములు. ఐదు వందల గ్రాములకి 0.3. ఆ బియ్యం ఇచ్చే శక్తి సుమారు 1750 కేలరీలు. కొవ్వు నుంచి వచ్చినవి మినహాయించి, ప్రతి వెయ్యి కేలరీలకీ 0.3 మిల్లీగ్రాముల థయమిన్ ఉండాలి, అంతకు తగ్గితే బెరిబెరి కాచుకుని ఉంటుంది. నీకు వెయ్యి కేలరీలకి వచ్చేది 0.17. కడగకుండానే ఇది. మూడుసార్లు కడిగి గంజి వారిస్తే సగం పోయిందనుకో, 0.09కి దిగుతావు. పిండీ మాంసమూ కలిపినా గీత దాటవు. ఐదు గ్రాముల నూనె దేనికీ చాలదు. నూనె ఎక్కువుంటే ఒంటికి థయమిన్ తక్కువ పట్టేది, ఆ దారీ లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, ప్రేమ ఉన్నవాళ్లంతా అక్కడే బోల్తా పడతారు. రోగి నీరసంగా ఉన్నాడని ఇంకో గరిటె అన్నం వేస్తారు, చక్కెర నీళ్లు తాగిస్తారు. అన్నాన్నీ చక్కెరనీ శరీరం ఖర్చు పెట్టాలంటే థయమిన్ కావాలి. థయమిన్ పెంచకుండా అన్నం పెంచితే ఉన్న కాస్తా కరిగిపోయి జబ్బు ముందుకొస్తుంది. కడుపు నిండే ఉంటుంది, అదే మోసం. అర కిలో బియ్యం వండితే కిలోంపావు పైనే అన్నం. మొదటి వారం నీకు ఆకలే వెయ్యదు, రాత్రి నాలుగుసార్లు లేచి బాత్రూంకి వెళతావు, "ఇదేం కరువు?" అని రాయబోతావు. ఆ వాక్యం రాయకు.

కాబట్టి: రాళ్లూ పురుగులూ ఏరు, ఒక్కసారి తొలిచి ఊరుకో. అన్నం ఇగిరేలా వండు, వార్చకు. వంటసోడా దరిదాపులకు రానివ్వకు, క్షారం తగిలితే థయమిన్ నిలవదు.

ఖైదీ డాక్టర్లకు ఇదంతా తెలుసు, తెలిసి చేతికి అందిందల్లా వాడారు. మన పశువులకు పెట్టే తవుడే వాళ్లకు మందు. వంద గ్రాముల తవుడులో థయమిన్ రెండు మిల్లీగ్రాములకు పైమాటే, అంటే ముప్పై గ్రాములు నీ రోజు లోటు తీర్చేస్తాయి. కానీ తవుడు కొత్తదై ఉండాలి. నిలవుంటే నూనె కంపు కొడుతుంది, ఎవరూ మింగలేరు. జల్లించి, దోరగా వేయించి, అన్నంలో కలుపుకోవాలి. విరేచనాల రోగికి అదీ పనికిరాదు, పేగు గీసుకుపోతుంది. అలాంటివాళ్లకు బియ్యాన్ని పిండి చేసి జావ. మార్మైట్ అనే ఈస్టు సారం సీసాలుంటే బెరిబెరి ముదిరినవాళ్ల కోసం దాచేవారు. గడ్డీ ఆకులూ నూరి రసం తీసి నోటి పుండ్లవాళ్లకు పట్టేవారు, రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్ కోసం. డచ్చివాళ్లు జావా నుంచి తెచ్చిన విద్యతో సోయాగింజలు పులియబెట్టి టెంపే చేశారు. పెసలు మన వస్తువే, వంద గ్రాములకి థయమిన్ 0.4 మిల్లీగ్రాముల పైన. దొరికిన రోజున పొట్టుతో, ఉడికించిన నీళ్లతో సహా తిను.

జబ్బు ఆనవాళ్లు గోడ మీద అంటించుకో. మొదట అన్నం సయించదు. దాన్ని విసుగనుకుంటావు, కాదు. తర్వాత వాంతి. గొంతుక్కూర్చుని చేతి సాయం లేకుండా లేవగలవో లేదో రోజూ చూసుకో. పిక్కలు నొక్కితే నొప్పి పుడుతోందేమో చూడు. తల కదపకుండా పక్కకి చూసినప్పుడు కంటిపాప అదురుతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, ఎవరినైనా చూడమను. సింగపూర్ ఖైదీల ఆసుపత్రిలో మెదడుకు ఎక్కిన బెరిబెరి 52 మందిలో చూసి, డి వార్డెనర్, లెనాక్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1947లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చు వేయించారు. చాలామందిని అందులోకి తోసింది విరేచనాలే. అందుకని కడుపు పాడైన రోజే నీ ప్రయోగం సరి, మారుమాట లేదు.

రాత్రిళ్లు అరికాళ్లు మంటలని ఖైదీలు చన్నీళ్లలో పెట్టుకు కూర్చునేవారు. ఆ మంట మీదే కూనూరులో గోపాలన్ అనే పోషకాహార శాస్త్రవేత్త పనిచేసి, పాంటోథెనిక్ ఆమ్లం అనే ఇంకో బి విటమిన్‌తో తగ్గుతోందని 1946లో రాశారు. నీ రాతలో ఆయన పేరు ఉండాలి.

ఇంకొకటి. నీ రాతలన్నీ తెల్లవాళ్ల ఆసుపత్రి దగ్గరే ఆగిపోతాయేమోనని నాకు లోపల ఉంది. వాళ్లు తూచారు, రాశారు, కాగితాలు డబ్బాల్లో పెట్టి పాతిపెట్టారు, అందుకే మనకు తెలిసింది. జపాన్ వాళ్లు ఈ ఖైదీల చేత వేయించిన బర్మా రైలు దారి, 415 కిలోమీటర్లు, మలయా తోటల నుంచి తీసుకుపోయిన తమిళ, తెలుగు కూలీలు కూడా వేశారు. ఖైదీలు 60 వేల పైచిలుకు వెళితే 12 వేల పైచిలుకు పోయారని లెక్క ఉంది. కూలీలు అంతకు ఎన్నో రెట్లు పోయారు, వాళ్ల అన్నం తూచి రాసినవాడు లేడు. ఒక రోజు కంచం ఖాళీగా పెట్టి ఫోటో తియ్యి, కింద ఏమీ రాయకు.

ఆఖరి రోజు సాయంత్రం స్నేహితుల్ని పిలిచి బిర్యానీ, గులాబ్‌జామ్ అన్నావట. చెంప పగలగొడతాను. మాడిన ఒంటికి ఒక్కసారిగా చక్కెర, అన్నం పడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోతుంది, ఉన్న థయమిన్ ఊడ్చుకుపోతుంది. పద్నాలుగు రోజులకు నీకు అంత దూరం రాకపోవచ్చు, అయినా నా మాట విను. ముందు మాత్ర. ఆ పూట పల్చటి మజ్జిగ, పెసరకట్టు. మర్నాడు ఒక గుడ్డు, కొంచెం అన్నం. మూడో రోజు నుంచి మామూలు భోజనం, అదీ సగం కంచం. బిర్యానీ ఆ తర్వాతి ఆదివారం.

ఉప్పుడు బియ్యం రెండు కిలోలు, పొట్టు పెసలు కిలో మీ నాన్న స్నేహితుడి చేత పంపుతున్నాను. అవి ప్రయోగానికి కాదు, అయిపోయాక తినడానికి. తవుడు అక్కడే కొత్తది వెతుక్కో, ఇక్కణ్ణుంచి వచ్చేలోపు కంపు కొడుతుంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చెయ్యి, నా ఎదురుగా గొంతుక్కూర్చుని లేవాలి.

అమ్మమ్మ