బాసిల్లస్ సబ్‌టిలిస్ సిట్రేట్ మీద పెరగకపోతే ముందు మెగ్నీషియం చూడండి

బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే బాక్టీరియాని సిట్రేట్ (సిట్రిక్ ఆమ్లపు లవణ రూపం) ఆహారంగా ఇచ్చి పెంచుతుంటే పెరగట్లేదని, మెగ్నీషియం బదులు కాల్షియం కూడా వేసి చూశానని అడిగారు. 10 మిల్లీమోలార్ (గాఢత కొలత) సిట్రేట్ పోసినా కల్చర్ కదలట్లేదంటే, చాలావరకు కారణం మెగ్నీషియమే. మీరు వేసిన మెగ్నీషియం 0.5 మిల్లీమోలార్.

ఎక్కువమంది మర్చిపోయేది ఇక్కడే. సిట్‌ఎం అనే ట్రాన్స్‌పోర్టర్ (సిట్రేట్‌ని కణం లోపలికి మోసే ప్రోటీన్) ఒంటరి సిట్రేట్‌ని పట్టుకోదు. లోహంతో జతకట్టిన సిట్రేట్‌నే ప్రోటాన్‌తో (హైడ్రోజన్ అయాన్‌తో) కలిపి లోపలికి తెస్తుంది. జత ఒకటికి ఒకటి. అంటే మీ ఫ్లాస్కులో ఏ క్షణాన చూసినా లోపలికి వెళ్లగల సిట్రేట్ 0.5 దాటదు. మిగతాదంతా బయటే తేలుతుంటుంది.

1. మెగ్నీషియం సల్ఫేట్‌ని సిట్రేట్‌తో సమానంగా, 10 మిల్లీమోలార్‌కి పెంచండి.

2. దాన్ని విడిగా ఆటోక్లేవ్ చేసి (ఆవిరి ఒత్తిడిలో వేడిచేసి క్రిములు లేకుండా చేసి), చల్లారాక కలపండి. మీడియంలోని ఫాస్ఫేట్‌తో కలిపి వేడిచేస్తే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. ఆ మడ్డిలో పోయేది మీ మెగ్నీషియమే.

3. కణాలను ఈడీటీఏ (మెగ్నీషియం లాంటి లోహాలను పట్టేసుకునే రసాయనం) ఉన్న బఫర్‌తో కడగొద్దు.

4. స్టార్టర్‌లో (ముందుగా పెంచి ఇందులో వేసే చిన్న కల్చర్‌లో) గ్లూకోజ్ ఉంటే కణాలను బాగా కడిగేయండి. గ్లూకోజ్ ఉన్నంతసేపు సిట్‌ఎం జీన్ అణిగే ఉంటుంది.

మెగ్నీషియం బదులుగా కాల్షియం వేశానన్నారు, అది ఇక్కడ పనికిరాదు. సిట్‌ఎం మెగ్నీషియం, మాంగనీస్, నికెల్, కోబాల్ట్, జింక్ జతలను మోస్తుంది. కాల్షియం జతను మోసేది సిట్‌హెచ్ అనే వేరే ప్రోటీన్.