రెండో సాక్షి లేని వీలునామా చెల్లుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. నాన్నకి కిడ్నీలు పాడై నాలుగేళ్లు డయాలసిస్ నడిచింది. పలాస తిప్పింది నేనే, అప్పులు చేసింది నేనే. అప్ప, చెల్లి పండక్కి వచ్చి చూసి వెళ్లేవారు. నాన్న తన సంపాదనతో కొన్న రెండెకరాల జీడి తోట, ఇల్లు నాకే అని తెల్ల కాగితం మీద వీలునామా రాయించి వేలిముద్ర వేశారు. ఆయన పోయి రెండేళ్లయింది. కాగితం ఫోటో అప్పుడే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అది చెల్లదు, అమ్మతో కలిపి నలుగురికీ సమాన భాగాలు అంటూ వాళ్లు నోటీసు పంపి ఏడాదిన్నర అయింది, జవాబివ్వలేదు. దాని మీద ఒక సాక్షి సంతకం, రాసినాయన సంతకం ఉన్నాయి. రెండో సాక్షి చోటు ఖాళీ. అక్కడ సంతకం పెడతానని మా బావమరిది అంటున్నాడు. ఇంత చేసిన నాకు న్యాయం జరగదా?

జవాబు: ముందు మీ బావమరిదిని ఆ కాగితం జోలికి రావద్దనండి. మిగతాది తర్వాత.

మీ ఉత్తరంలో ముప్పావు భాగం నాన్నని ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అనేదే. అదంతా నిజమే కావచ్చు, కానీ వీలునామా చెల్లడానికి అది రుజువు కాదు. మీ కేసు ఒక్క విషయం మీద తేలుతుంది. ఆ రాసినాయన, మీ నాన్నగారు వేలిముద్ర వేయడం చూసి సాక్షిగా కూడా సంతకం పెట్టాడా, లేక రాసిన మనిషిగా కింద పేరు పెట్టుకుని వెళ్లిపోయాడా?

తెల్ల కాగితమైనా పర్వాలేదు, వీలునామాకి స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. వేలిముద్రా చెల్లుతుంది. కానీ భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన వేలిముద్ర వేయడం వాళ్లు చూసి ఉండాలి, లేదా అది నాదే అని ఆయన నోటితో విని ఉండాలి, ఆ తర్వాత ఆయన ఎదుటే సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి ఉండాలని లేదు. రాసినాయన రాసినంత మాత్రాన సాక్షి అయిపోడు, కానీ సాక్షిగా ఉండాలనే ఉద్దేశంతోనే సంతకం పెట్టాడని రుజువైతే రెండో సాక్షిగా లెక్కలోకి వస్తాడు. రుజువు కాకపోతే వీలునామా లేనట్టే, అప్పుడు అమ్మ, మీరు, అప్ప, చెల్లి తలా నాలుగో వంతు.

ఇప్పుడు బావమరిది సంగతి. ఖాళీగా ఉన్న కాగితం ఫోటో తేదీతో సహా మీ అప్ప ఫోన్లో ఉంది. రేపు కోర్టులో రెండు సంతకాల కాగితం పెడితే, ఆమె లాయరు ఆ ఫోటో చూపించడంతోనే మీ కేసు అయిపోతుంది. ఆస్తితో ఆగదు కూడా. వీలునామాలో ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేళ్ల దాకా, లేదా యావజ్జీవం పడవచ్చు, మీ ఇద్దరికీ.

ఒక మాట అనక తప్పదు. నాలుగేళ్లు పలాస తిరిగినవారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గడప ఒక్కసారి తొక్కలేదా? కదలలేని మనిషి కోసం ఆ అధికారి ఇంటికే వచ్చే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. నోటీసుకి ఏడాదిన్నర మౌనం అంతకన్నా తప్పు. హక్కు ప్రకటించమని మీరు దావా వేయాలంటే, ఆ హక్కుని వాళ్లు మొదట కాదన్న రోజు నుంచి మూడేళ్లే గడువు, అందులో సగం ఈపాటికే పోయింది. తోట నా చేతిలోనే ఉంది, పన్నెండేళ్లు గడిస్తే నాదే అవుతుందని ఎవరైనా చెబితే వినకండి. తోటి వారసుడి స్వాధీనం అందరి తరఫునా ఉన్నట్టే లెక్క, ఊరికే అనుభవిస్తూ కూర్చుంటే వాళ్ల హక్కు పోదు. పాస్‌బుక్‌లో మీ పేరు ఎక్కినా హక్కు రాదు.

ఈ వారమే రాసినాయన్నీ, ఆ సాక్షినీ విడివిడిగా కలవండి. ఏం చెప్పాలో నేర్పకండి, ఆ రోజు ఏం జరిగిందో అడిగి వినండి. ఎవరెవరు ఉన్నారు, ఎవరు ముందు సంతకం చేశారు, నాన్నగారికి చదివి వినిపించారా? బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకి రావాలి, వచ్చినవారు రెండో సంతకం గురించి కూడా చెప్పగలగాలి. వాళ్లు పెద్దవాళ్లయితే, దావా వేసిన వెంటనే వాళ్ల సాక్ష్యం ముందుగా తీసుకోమని అడగవచ్చు. ఆ తేదీ చుట్టుపక్కల ఆసుపత్రి కాగితాలన్నీ తీసుకోండి, డయాలసిస్‌లో ఉన్న మనిషికి తెలివి స్పష్టంగా ఉందా అనేదే వాళ్ల మొదటి ప్రశ్న అవుతుంది. అసలు కాగితాన్ని లామినేషన్ చేయించకండి, కవర్లో పెట్టి దాచండి. నోటీసుకి ఇప్పుడైనా లాయరు ద్వారా జవాబు పంపండి.

రాసినాయన “నేను రాశానంతే, వేలిముద్ర వేసేటప్పుడు లేను” అంటే మాత్రం దావా వేసి డబ్బు తగలేయకండి. అప్ప, చెల్లితో కూర్చుని, మీరు చేసిన అప్పుల లెక్క కాగితాలతో ముందు పెట్టి రాజీ అడగండి. వాళ్లు వదులుకునేది ఏదైనా రిజిస్టర్డ్ దస్తావేజుగానే తీసుకోండి, పెద్దమనుషుల ముందు నోటిమాట చాలదు. అమ్మగారి వాటా జోలికి మాత్రం వెళ్లకండి, అది ఆవిడ బతుకుతెరువు. ఆవిడే తన ఇష్టంతో వీలునామా రాయాలనుకుంటే, తనకంటే చిన్న వయసువాళ్లు, ఆస్తిలో సంబంధం లేనివాళ్లు ఇద్దరిని సాక్షులుగా పెట్టి రిజిస్టర్ చేయించండి.