112 కోరికలు, 23 టిక్కులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి మీద, చేయాల్సినవి లిస్టు రాసుకోవడం మీద ఉన్నాయి, ముగ్గురూ కూడబలుక్కుని రాసినట్టు. అందుకని అద్దె ఇళ్ల గొడవలు, అత్తాకోడళ్ల పంచాయితీలు వచ్చే నెల చూసుకుందాం.

ప్రశ్న: అక్కా, నాకు 37. హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తాను. 2019లో ముప్ఫై నిండిన రోజున, నలభై వచ్చేలోపు చేయాల్సినవి అని డైరీలో 112 రాసుకున్నాను. మా ఆయన దాన్ని కంప్యూటర్‌లో ఎక్సెల్ షీటు చేసిచ్చాడు. అయినవి పచ్చ, సగంలో ఉన్నవి పసుపు, కానివి ఎరుపు. ఇప్పటికి 23 అయ్యాయి. పైన ఒక గడిలో 20.5 శాతం అని కనిపిస్తూ ఉంటుంది, అది చూస్తే చాలు టెన్షన్. శాతం పెంచుదామని ఈ మధ్య సులువుగా అయ్యేవి ఏరుకుని చేస్తున్నాను. మొన్న రామప్పకు వెళ్లాం. 'సాయంత్రం ఎండలో రామప్ప చూడాలి' అనేది నా 41వ నంబరు. ఫొటోలు దిగాం, కారెక్కగానే ఫోన్‌లో పచ్చ రంగు వేశాను. దారిలో మా పాప "అమ్మా, నీళ్లలో తేలే ఇటుక అన్నావు కదా, అది ఏదీ?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అసలు నేను గుడి చూశానా అని నాకే అనుమానం వచ్చింది. మిగతా 89 ఎలా చేయాలి? లేక లిస్టే పారేయాలా?
(పేరు వద్దన్నారు, హన్మకొండ)

జవాబు: పారేయకు చెల్లె. కానీ ఆ శాతం గడి మాత్రం ఈ రాత్రికే డిలీట్ చెయ్యి, మీ ఆయన చిన్నబుచ్చుకున్నా సరే.

ఆ గడికి స్కూటీ నేర్చుకోవడమూ ఒకటే, సొంతిల్లు కట్టుకోవడమూ ఒకటే. రెండూ 112లో ఒక్కో వంతు. స్కూటీకి పది రోజులు చాలు, ఇంటి లోను తీరేసరికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఇక నువ్వు పంపిన లిస్టులో 'రోజూ భద్రకాళి చెరువు కట్ట మీద నడవాలి' అని ఉంది, దానికి పచ్చ రంగు ఎప్పుడు వేస్తావు? చచ్చేదాకా ఎరుపే. 'తమ్ముడితో మళ్లీ మాటలు కలపాలి' అని 67వ నంబరు, అది 'ఊటీ చూడాలి'కి 'పట్టుచీర మీద మగ్గం వర్క్'కి మధ్యన ఇరుక్కుని ఉంది. ఇవన్నీ కలిపి తీసిన శాతానికి అర్థం ఏముంటుంది? దాన్ని చూసి నువ్వు భయపడటం, భయపడి సులువైనవి ఏరుకోవడం, అలా ఏరుకున్న దాంట్లో రామప్ప కూడా పడిపోవడం, ఇదీ జరిగింది.

మా బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే) దుకాణంలో గుమాస్తా. దీపావళికి కొత్త ఖాతా పుస్తకం తెరిచేవాళ్లు, ఎర్రగుడ్డ అట్ట, పొడుగ్గా ఉండేది. పాత పుస్తకంలో మిగిలిన బాకీలన్నీ కొత్త దాంట్లోకి ఎక్కించడం బాపు పని. ఇంటికి తెచ్చుకుని, చాప మీద కూర్చుని, ఒక్కో పేరూ పైకి చదువుతూ రాసేవాడు. మేం పక్కన కూర్చుని సిరా పీల్చే కాగితం అద్దేవాళ్లం. ఒక్కో పేరు దగ్గర కలం ఆగిపోయేది. "ఈయన పేరు రాయబుద్ధి అయితలేదు బిడ్డా" అనేవాడు. పాత పుస్తకంలో ఆ పేరు మీద ఏటవాలుగా ఒక గీత గీసి, పొద్దున సేటుతో మాట్లాడాలని పక్కన చిన్న సున్నా చుట్టేవాడు. ఇంకో సంగతి ఏంటంటే, బాపు బాకీ ఎంతో చూసేవాడు కాదు, చివరిసారి ఎప్పుడు ముట్టిందో ఆ తేదీ చూసేవాడు. వెయ్యి రూపాయల బాకీ ఉన్నా నెలకోసారి వచ్చి యాభై కట్టిపోయే రైతు పేరు గబగబా ఎక్కించేసేవాడు. వందే బాకీ ఉండి రెండేళ్లుగా మొహం చూపించని వాడి దగ్గరే కలం ఆగేది.

నేను నా లిస్టుకు ఇదే పద్ధతి పెట్టుకున్నాను. ఏటా దీపావళికి కొత్త నోటుబుక్కు, పాతవన్నీ చేత్తో మళ్లీ రాయడం. కంప్యూటర్లో అయితే కాపీ కొడితే పోతుంది, చేతికి నొప్పి తెలియదు, 112 కాదు వెయ్యి అయినా మోసుకుపోతుంది. చేత్తో రాస్తుంటే తెలుస్తుంది, దేని దగ్గర కలం ఆగుతుందో. నా దాంట్లో 'హార్మోనియం నేర్చుకోవాలి' ఐదేళ్లు ఎక్కించాను. హార్మోనియం కొన్నాను కూడా, బీరువా మీద పెడితే దుమ్ము పట్టింది. ఆరో ఏడు ఆ మాట రాయబోతే చెయ్యి రాలేదు. గీత గీసేసి, మా వాడకట్టులో భజన చేసేవాళ్లకు ఇచ్చేశాను. ఇప్పుడు శనివారం రాత్రి అది వాయిస్తుంటే మా డాబా మీదికి వినిపిస్తుంది, వాళ్లు వాయించేది నాకంటే ఘోరంగా ఉంటుంది, అది వేరే సంగతి.

కాబట్టి రంగుల బదులు ప్రతి దాని పక్కన తేదీ రాయి. చివరిసారి దానికోసం ఏదైనా చేసిన రోజు, ఎంత చిన్నదైనా సరే. దాని పక్కనే తర్వాత చేయాల్సిన పని ఒక్కటి. 'అమ్మను కాశీకి తీసుకెళ్లాలి' పక్కన నువ్వు పసుపు రంగు వేశావు, ఎందుకు పసుపో నాకైతే అర్థం కాలేదు. అక్కడ రాయాల్సింది, 'కాలేజీ సెలవులు ఎప్పుడో కనుక్కోవాలి, రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి ఫలానా తారీఖు పొద్దున టికెట్లు చూడాలి'. మీ అమ్మకు మోకాళ్ల నొప్పులని నువ్వే రాశావు. కాశీలో ఘాట్లకు దిగాలంటే మెట్లు. 112లో అన్నిటికంటే తొందరగా కదలాల్సింది అదే, నీ ఎక్సెల్ షీటేమో దాన్ని 90వ వరసలో పెట్టింది.

కొన్నిటికి నీ నలభయ్యో పుట్టినరోజుతో పని లేదు, వాటి క్యాలెండరు వాటికుంది. మేడారంలో అమ్మ ఎత్తు బంగారం, అంటే బెల్లం, జోకించాలని రాసుకున్నావు. జాతర రెండేళ్లకోసారి, 2024లో అయింది, 2026లో అయింది, ఇక 2028. గోదావరి పుష్కరాలు 2015 తర్వాత మళ్లీ 2027లోనే, అది తప్పితే ఇంకో పన్నెండేళ్లు. బొగత జలపాతం వానాకాలంలో చూడాలి, వేసవిలో పోతే బండలు చూసి రావాలి. ఇలాంటివి విడిగా తీసి వంటింట్లో గోడ క్యాలెండరు మీద రాసేయి.

పోతన భాగవతం మొత్తం చదవాలని కూడా ఉంది. పోతన ఊరు బమ్మెర మనకు పక్క జిల్లానే, మంచి కోరిక. 12 స్కంధాలు కదా, నెలకొకటి అని లెక్కేసుకుంటావేమో, జాగ్రత్త. తొమ్మిది అయ్యాక ముప్పాతిక వంతు అయిపోయిందని మురిసిపోతే, పదో స్కంధం ఒక్కటే పూర్వభాగం, ఉత్తరభాగం అని రెండు భాగాలు, అన్నిటికంటే పెద్దది. అక్కడ చాలామంది ఆగిపోయి తమను తాము తిట్టుకుంటారు. ఇక్కడ కూడా శాతం వద్దు, ఏ పద్యం దగ్గర ఆపావో అది రాసుకో, తేదీ వెయ్యి.

కిలిమంజారో పర్వతం ఎక్కాలన్న నీ కోరిక సంగతి. 5,895 మీటర్లు, ఎక్కడో టాంజానియాలో, ఖర్చు లక్షల్లో. నవ్వడం లేదు చెల్లె. మన నిజామాబాద్ వైపు పిల్ల మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది, ఆమెకు తొలి శిక్షణ భువనగిరి గుట్ట మీదే. కాజీపేటలో రైలెక్కితే భువనగిరి ఎంత దూరం? ఒక ఆదివారం పోయి ఆ గుట్ట ఎక్కి దిగి రా. దిగాక కాళ్లు ఏం చెప్తాయో విని, అప్పుడు కిలిమంజారో ఉంచాలో గీత గీయాలో చూసుకుందువు.

తమ్ముడిని మాత్రం లిస్టులోంచి తీసెయ్యి. మనిషికి నంబరేంటి? రాఖీ దాకా ఆగకు, ఫోన్ చెయ్యి, ఎత్తకపోతే రెండు రోజులాగి మళ్లీ చెయ్యి.

ఇక రామప్ప. 41ని మళ్లీ ఎరుపు చెయ్యి. పాపకు చెప్పు, ఆ తేలే ఇటుకలు గర్భగుడి మీది శిఖరానికి వాడారని, కింద వెతికితే దొరకవని, తల ఎత్తాలని. ఈసారి మూడింటికి చేరుకోండి, చూరు కింద నల్లరాతి నర్తకులు ఉంటారు, వాళ్లలో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు ఉంటాయి, అది ఎవరో పాపనే వెతకమను. 1213 నుంచి నిలబడి ఉన్న గుడి, నీ నలభయ్యో పుట్టినరోజు దాటినా ఎక్కడికీ పోదు. ఇంటికొచ్చాక తేదీ పక్కన ఏం చూశావో ఒక్క వాక్యం రాయి. రాయడానికి ఏమీ రాకపోతే నువ్వు వెళ్లనట్టే లెక్క.

ప్రశ్న: మేడం, డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. 4 గంటలకు లేవడం, పరుగు, ధ్యానం, ఇంగ్లిష్ పేపరు, చక్కెర మానేయడం, ఇలా 11 అలవాట్లు ఒకేసారి మొదలుపెట్టి యాప్‌లో వేసుకున్నాను. 18 రోజులు వరసగా అన్నీ చేశాను. 19వ రోజు మేనమామ కొడుకు పెళ్లి. అంతే, యాప్‌లో అన్నీ సున్నాకు వచ్చేశాయి. ఆ తర్వాత ఒక్కటీ చేయబుద్ధి కావడం లేదు. వేరే మంచి యాప్ ఉంటే చెప్పండి.
(ఒక పాఠకుడు, పెద్దపల్లి)

జవాబు: యాప్ తప్పేం లేదు తమ్ముడూ, పదకొండు తప్పు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అని ఉండేవాడు, పరీక్షల్లో నీకు ఎటూ తగులుతాడు. ఆయన తాను అలవరచుకోవాల్సిన గుణాలు 13 రాసుకుని, చిన్న పుస్తకంలో వారానికి ఏడు గళ్లు గీసుకుని, ఏ రోజు ఏ గుణం తప్పితే ఆ గడిలో నల్లచుక్క పెట్టేవాడు. అయితే పదమూడింటి మీదా ఒకేసారి పడలేదు. వారానికి ఒక్కదాని మీదే గట్టిగా ధ్యాస, 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. అయినా వస్తువులు, పనులు ఒక పద్ధతిలో పెట్టుకోవడం మాత్రం తనకు సరిగా పట్టుబడనే లేదని ఆయనే ఒప్పుకున్నాడు. అంత మనిషికే చుక్కలు పడ్డాయి, సున్నాకు పోయి మళ్లీ మొదలుపెట్టాల్సిన లెక్క ఆయన పెట్టుకోలేదు.

నువ్వు చదువు గంటలు ఒక్కటి ఉంచుకో, మిగతా పదీ ఇప్పటికి ఆపు. నోటుబుక్కులో గళ్లు గీసుకో. ఆ 19వ తేదీ గడిలో 'పెళ్లి' అని రాయి, ఖాళీగా వదలకు. మేనమామ ఇంట్లో పెళ్లికి పోయి, బగారన్నం తిని, డీజే దగ్గర ఎగిరి, పొద్దున 4కి లేచేవాడితో ఎవరైనా స్నేహం చేస్తారా? చక్కెర సంగతి పరీక్షలయ్యాక చూడొచ్చు.

ప్రశ్న: నాకు 62. సింగరేణిలో 34 ఏళ్లు బాయి (బొగ్గు గని) పని చేసి రిటైర్ అయ్యాను. మనవడు వాళ్ల స్కూల్లో 'నా కోరికలు' అని రాస్తుంటే నేను కూడా నావి చెప్పాను, వాడు 17 రాసిపెట్టాడు. మొదటిది సముద్రం చూడటం. ఇంట్లో వాళ్లు చదివి ఒకటే నవ్వు. ఈ వయసులో ఇదంతా పిల్ల చేష్టనా?
(మంచిర్యాల నుంచి)

జవాబు: అన్నా, 1940లో జాన్ గొడార్డ్ అని లాస్ ఏంజిలిస్‌లో పదిహేనేళ్ల పిల్లగాడు 127 కోరికలు రాసుకున్నాడు. పదేళ్ల తర్వాత చిన్న పడవలో నైలు నది వెంట నిజంగానే పోయాడు. దాంట్లో చంద్రుడి మీదికి పోవాలని కూడా ఉంది, పోలేకపోయాడు, 2013లో చనిపోయేదాకా ఆ కోరిక కోరికగానే మిగిలింది. దానికి ఆయన్ని ఎవరైనా ఎగతాళి చేస్తారా? మీరు అడుగుతున్నది సముద్రం.

మన రాష్ట్రానికి సముద్రం లేకపోతే ఏమైంది, రైలుంది. మంచిర్యాలలో ఎక్కి విజయవాడలో మారితే బాపట్ల, స్టేషన్ నుంచి సూర్యలంక బీచ్ పది కిలోమీటర్ల లోపే, ఆటోలు దొరుకుతాయి. నవ్వినవాళ్లను పిలవకండి, మనవడిని తీసుకెళ్లండి, రాసింది వాడే కాబట్టి తేదీ కూడా వాడితోనే వేయించండి. పంచె ఒకటి ఎక్కువ పెట్టుకోండి, ఉప్పునీళ్లలో తడిసింది ఓ పట్టాన ఆరదు.